ఊదా రంగు గీత: దుబాయ్‌లో కట్టకుండా మిగిలిపోయిన మెట్రో

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ళకి ఈ కథ కొంత తెలుసు. కానీ మాటల్లో చెప్పినప్పుడు అంకెలు చెవిలో నిలబడవు. అందుకే రాసి పెడుతున్నాను. డ్యూటీ అయ్యాక కంపెనీ బస్సులో కూర్చున్నప్పుడు తీరిగ్గా చదువుకోండి.

దుబాయ్ మెట్రో అంటే మనకి తెలిసినవి రెండే రంగులు, రెడ్, గ్రీన్. నోల్ కార్డు పెట్టి గేటు దాటే ప్రతివాళ్ళకీ ఈ రెండూ కంఠతా వచ్చు. కానీ 2008 ప్రాంతంలో ఈ ఊరి మెట్రో పథకంలో నాలుగు రంగులు ఉండేవి. రెడ్, గ్రీన్ కాక బ్లూ, పర్పుల్ కూడా. పర్పుల్ అంటే మన ఊదా రంగు.

ఆ ఊదా గీత పొడవు 49 కిలోమీటర్లు. పాత దుబాయ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర మొదలై, అల్ ఖైల్ రోడ్డు వెంబడి పోయి, జబల్ అలీ అవతల కొత్తగా కడుతున్న అల్ మక్తూమ్ ఎయిర్‌పోర్ట్‌కి చేరాలి. బ్లూ గీత 47 కిలోమీటర్లు, ఎమిరేట్స్ రోడ్డు వెంబడి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. అప్పట్లో ఎమిరేట్స్ రోడ్డు అంటే ఇప్పటి ఎమిరేట్స్ రోడ్డు కాదు. మనం ఇప్పుడు షేక్ మహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు అంటున్న ఇ311 అది. 2013లో పేర్లు మార్చి, దానికి అవతల ఉన్న ఇ611కి ఎమిరేట్స్ రోడ్డు అని పేరు పెట్టారు. పాత పేపర్లు చదివేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోకపోతే గీత ఎక్కడో ఎడారిలో పోయినట్టు అనిపిస్తుంది.

ఈ రెండు లైన్లూ, వాటికి తోడు ఇంకొన్ని పొడిగింపులూ కలిపి 2020 నాటికి 300 కిలోమీటర్లు దాటిన మెట్రో ఉండాలని అప్పటి లెక్క. ఈరోజు మనం ఎక్కుతున్నది దాదాపు 90 కిలోమీటర్లు. అంటే కాగితం మీది దాంట్లో మూడో వంతు కూడా లేదు. మిగతాది ఎందుకు రాలేదు, రాకపోతే ఎవరికి దెబ్బ తగిలింది, దాంట్లోంచి మనలాంటివాళ్ళు నేర్చుకోవాల్సింది ఏమైనా ఉందా అన్నదే ఇక్కడ విషయం.

కట్టిన లైన్ కథ ముందు

కట్టని లైన్ ఎందుకు ఆగిందో తెలియాలంటే కట్టిన లైన్ ఖర్చు తెలియాలి. 2005లో దుబాయ్ రాపిడ్ లింక్ అనే కూటమికి కాంట్రాక్టు ఇచ్చారు. మిత్సుబిషి, ఒబయాషి, కజిమా లాంటి జపాన్ కంపెనీలు, టర్కీకి చెందిన యాపి మెర్కెజి కలిసిన కూటమి అది. రెడ్, గ్రీన్ రెండింటికీ కలిపి 1,245 కోట్ల దిర్హామ్‌లు అన్నారు. 2006లో పని మొదలైంది. 2009 సెప్టెంబర్ 9 రాత్రి 9 గంటల 9 నిమిషాల 9 సెకన్లకి రెడ్ లైన్ ప్రారంభించారు. తేదీ కోసం అంత పట్టుబట్టారు గానీ ఆ రోజుకి 29 స్టేషన్లలో తెరిచినవి 10. మిగతావి ఒక్కొక్కటిగా తర్వాత తెరిచారు. గ్రీన్ లైన్ సరిగ్గా రెండేళ్ళకి, 2011 సెప్టెంబర్ 9న వచ్చింది.

అప్పటికి ఖర్చు ఎంతకి చేరింది? దాదాపు 2,800 కోట్ల దిర్హామ్‌లు. మొదట అనుకున్నదానికి రెట్టింపు దాటింది. సైట్ మీద పనిచేసేవాళ్ళకి ఇది వింతేమీ కాదు. స్టేషన్ డిజైన్ మారిస్తే పునాది మారుతుంది. పునాది మారితే భూమిలో ఉన్న కరెంటు కేబుళ్ళు, నీళ్ళ పైపులు, టెలిఫోన్ లైన్లు పక్కకి జరపాలి. ప్రతి దానికీ ఒక ఎన్‌ఓసీ. వేరియేషన్ ఆర్డర్లు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి.

చేతిలో లెక్క వేసుకోండి. రెండు లైన్లూ కలిపి దాదాపు 75 కిలోమీటర్లు. 1,245 కోట్ల లెక్కన కిలోమీటరుకి సుమారు 17 కోట్ల దిర్హామ్‌లు. 2,800 కోట్ల లెక్కన 37 కోట్లు దాటుతుంది. ఇదే రేటున 49 కిలోమీటర్ల ఊదా లైన్ కట్టాలంటే 1,800 కోట్లకి పైమాటే. ఇది నా సొంత లెక్క, ఎక్కడా ప్రకటించింది కాదు. కానీ 2009లో డబ్బు సర్దాల్సిన పెద్దల బల్ల మీద ఇలాంటి అంకె ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

ఊదా లైన్ ఎవరి కోసం

మెట్రో అనగానే మనకి తోచేది ఇంటి దగ్గర ఎక్కి పని దగ్గర దిగడం. ఊదా లైన్ అలాంటిది కాదు. అది రెండు ఎయిర్‌పోర్టులని కలిపే ఎక్స్‌ప్రెస్. 49 కిలోమీటర్లకి 8 స్టేషన్లు అన్నారు. స్టేషన్లోనే సామాను ఇచ్చి బోర్డింగ్ పాస్ తీసుకునే ఏర్పాటు ఉంటుందన్నారు. 8 స్టేషన్లంటే మధ్యలో 7 ఖాళీలు. సగటున ఒక స్టేషన్‌కీ ఇంకో స్టేషన్‌కీ 7 కిలోమీటర్లు. రెడ్ లైన్‌లో 52 కిలోమీటర్లకి 29 స్టేషన్లు, అంటే రెండు కిలోమీటర్లకి లోపే ఒకటి. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ లైన్ ఎవరిని లెక్కలో పెట్టుకుని గీశారో తెలిసిపోతుంది.

అల్ ఖైల్ రోడ్డు పక్కనే అల్ కోజ్ ఉంది. ఎన్ని క్యాంపులు, ఎన్ని వర్క్‌షాపులు, ఎన్ని గోడౌన్లు ఉన్నాయో మనకి చెప్పక్కర్లేదు. ఊదా రైలు కట్టి ఉంటే అల్ కోజ్ పక్కనుంచి పరుగెత్తేది. ఏడు కిలోమీటర్లకి ఒకసారి ఆగే రైలు క్యాంపు మనిషికి ఎంత అక్కరకి వస్తుందో మీరే చెప్పండి.

మరి ఆ లైన్ గీయడానికి కారణం? అల్ మక్తూమ్ ఎయిర్‌పోర్ట్. ఆ రోజుల్లో అనుకున్నది 5 రన్‌వేలు, ఏడాదికి 16 కోట్ల మంది దాకా ప్రయాణికులు. చుట్టూ దుబాయ్ వరల్డ్ సెంట్రల్ అనే కొత్త నగరం. సముద్రం వైపు దుబాయ్ వాటర్‌ఫ్రంట్. ఎడారిలోంచి 75 కిలోమీటర్ల అరేబియన్ కెనాల్. ఒక ఎయిర్‌పోర్ట్‌లో దిగి ఇంకో ఎయిర్‌పోర్ట్‌లో ఎక్కే జనం లక్షల్లో ఉంటారని, వాళ్ళని రోడ్డు మీద పంపలేమని ఊదా లైన్ గీశారు. గీత తప్పేం కాదు. రెండు కొనల్లో రెండు ఎయిర్‌పోర్టులు ఉంటేనే ఆ గీతకి అర్థం. రెండో కొన రావడమే ఆలస్యమైంది.

2008 చివర, 2009

2008 సెప్టెంబర్‌లో అమెరికాలో లేమాన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది. దుబాయ్‌లో అదే నెలలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. అక్టోబర్‌లో కూడా ఒక కిలోమీటరు దాటిన ఎత్తుతో నఖీల్ టవర్ కడతామని ప్రకటన వచ్చింది. చలికాలం సగానికి వచ్చేసరికి సైట్ల మీద క్రేన్లు తిరగడం తగ్గింది. అప్పు పుట్టడం ఆగింది. అపార్ట్‌మెంట్ల ధరలు సగానికి పడిపోయాయి. నఖీల్ టవర్ పని 2009 మొదట్లోనే ఆగింది. అరేబియన్ కెనాల్ ఆగింది. వాటర్‌ఫ్రంట్‌లో చాలా భాగం ఆగింది.

2009 నవంబర్ 25న, మెట్రో తెరిచి మూడు నెలలైనా కాకముందే, దుబాయ్ వరల్డ్ తన అప్పులు కట్టడానికి గడువు కావాలని అడిగింది. డిసెంబర్ 14న అబుదాబి 1,000 కోట్ల డాలర్లు ఇచ్చి ఆదుకుంది. 2010 జనవరి 4న బుర్జ్ దుబాయ్ తెరిచినప్పుడు దాని పేరు బుర్జ్ ఖలీఫా అయింది. ఆ పేరు ఎవరి గౌరవార్థమో అందరికీ తెలుసు.

ఆ సమయంలో ఊదా లైన్, బ్లూ లైన్ ఎక్కడున్నాయి? ఎక్కడా లేవు. పైలింగ్ రిగ్ దిగలేదు, ఒక్క పియర్ లేవలేదు. ఇలాంటి లైన్లు కూలిపోయిన బిల్డింగ్‌లా చప్పుడు చేయవు. ముందు గడువు జరుగుతుంది. తర్వాత పేరు తక్కువగా వినిపిస్తుంది. ఆ తర్వాత వచ్చే మ్యాపులో రంగు ఉండదు. చేతిలో ఉన్న రెడ్, గ్రీన్ పూర్తి చేయడానికే డబ్బు చాలని రోజుల్లో, ఎవరూ ఎక్కని ఎయిర్‌పోర్ట్ దాకా 49 కిలోమీటర్లు కట్టేవాళ్ళు ఎవరు?

అల్ మక్తూమ్‌లో 2010 జూన్‌లో ఒక్క రన్‌వేతో కార్గో విమానాలు మొదలయ్యాయి. ప్రయాణికుల విమానాలు 2013 అక్టోబర్‌లో గానీ రాలేదు. ఈలోపు పాత ఎయిర్‌పోర్ట్‌నే పెంచుకుంటూ పోయారు. 2024లో పాత ఎయిర్‌పోర్ట్ నుంచే 9 కోట్ల 23 లక్షల మంది ప్రయాణించారు. కలపడానికి రెండో వైపు జనం లేనప్పుడు కలిపే లైన్‌తో పని లేదు.

ఒక గుర్తు మాత్రం చాలా ఏళ్ళు మిగిలింది. రెడ్ లైన్‌లో ఇప్పుడు జబల్ అలీ అంటున్న స్టేషన్‌ని మనం ఎన్నో ఏళ్ళు నఖీల్ హార్బర్ అండ్ టవర్ అని విన్నాం. రైల్లో మైకు ఆ పేరు చెప్పేది. దిగి చూస్తే హార్బర్ లేదు, టవర్ లేదు. కట్టని టవర్ పేరు మీద కట్టిన స్టేషన్. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు టవర్ ఎక్కడ అన్నా అని అడిగేవాళ్ళు.

పోయింది ఎవరికి

మదుపు పెట్టినవాళ్ళ నష్టం పేపర్లలో వచ్చింది. మన నష్టం పేపర్లలో పెద్దగా రాలేదు, కాబట్టి ఇక్కడ చెప్పుకుందాం.

ఒక పెద్ద పథకం ప్రకటించగానే దాని వెనక మనుషుల లెక్క మొదలవుతుంది. ఇన్ని కిలోమీటర్లకి ఇంతమంది షట్టరింగ్ కార్పెంటర్లు, ఇంతమంది స్టీల్ ఫిక్సర్లు, ఇంతమంది హెల్పర్లు. ఆ లెక్క ముంబై దాకా, అక్కడి నుంచి కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల దాకా వస్తుంది. ఏజెంటు చెప్పే మాట ఒకటే, దుబాయ్‌లో పదేళ్ళ పని ఉంది, ఢోకా లేదు. 2008లో ఆ మాట విని వచ్చినవాళ్ళు నాకు తెలుసు. అప్పట్లో మా రూమ్‌లో ఆరుగురం. అందులో ముగ్గురు ఏడాది తిరక్కుండానే వెనక్కి వెళ్ళారు. ఒకతను నెలకి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వీసా కట్టాడు. ఎనిమిది నెలల జీతంతో అసలు కాదు కదా వడ్డీ కూడా తీరలేదు. వాళ్ళ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఆ ఏడాది అలాంటి కంపెనీలు చాలా ఉన్నాయి.

వీళ్ళెవరూ ఊదా లైన్ కోసమని వచ్చినవాళ్ళు కాదు. కానీ ఊదా లైన్ లాంటి గీతలు వంద కలిపితే వచ్చిన నమ్మకం మీద అప్పు చేసినవాళ్ళు. లైన్ రద్దయితే దాని మీద ఖర్చు పెట్టాల్సిన డబ్బు ఖజానాలోనే మిగిలింది. మనవాళ్ళ అప్పు అలా మిగిలిపోయేది కాదు, తీర్చాల్సిందే.

ఇదే కథ హైదరాబాద్‌లో

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర కూడా ఒక మెట్రో కాగితం మీద పుట్టి కాగితం మీదే పోయింది. ఇప్పుడు మనం ఊరెళ్ళినప్పుడు ఎక్కుతున్న హైదరాబాద్ మెట్రోకి అది అన్న లాంటిది.

2008లో హైదరాబాద్ మెట్రో టెండర్ మేటాస్ నాయకత్వంలోని కూటమికి వచ్చింది. మేటాస్ అంటే సత్యం అన్న ఇంగ్లీషు పేరుని తిరగేసి రాసింది. మామూలుగా మెట్రో కట్టేవాడికి ప్రభుత్వమే కొంత డబ్బు ఇస్తుంది. వీళ్ళు తిరగేసి, మేమే ప్రభుత్వానికి 30,311 కోట్ల రూపాయలు ఇస్తాం అన్నారు. ఎలా? టికెట్ల మీద కాదు. మెట్రోతో పాటు వచ్చే భూముల్లో మాల్స్, ఆఫీసులు కట్టి సంపాదించి. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ గారు అప్పుడే ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు. ఇది మెట్రో వ్యాపారం కాదు, భూమి వ్యాపారం అని ఆయన అభ్యంతరం.

2009 జనవరి 7న సత్యం రామలింగరాజు గారి ఉత్తరం బయటికి వచ్చింది. ఖాతాల్లో లేని డబ్బు ఉన్నట్టు చూపించామని. ఆ దెబ్బకి మేటాస్‌కి అప్పు ఇచ్చేవాళ్ళు లేకుండా పోయారు. 2009 జులైలో ప్రభుత్వం ఆ కాంట్రాక్టు రద్దు చేసింది. 2010లో మళ్ళీ టెండర్ పిలిచి ఎల్ అండ్ టీకి ఇచ్చారు. మొదటి రైలు 2017 నవంబర్ 28న కదిలింది.

దుబాయ్‌లో జరిగిందీ, హైదరాబాద్‌లో జరిగిందీ ఒకటే అనను. దుబాయ్‌లో మోసం బయటపడి ఆగలేదు, డబ్బు కరువై ఆగింది. కానీ రెండు చోట్లా లోపలి లెక్క ఒకటే. భూమి ధర పెరుగుతుంది, ఆ పెరిగిన ధరతో రైలు కట్టొచ్చు. ధర పెరిగినంత కాలం ఆ లెక్క నడుస్తుంది. పడిపోతే ముందు పోయేది రైలే.

హైదరాబాద్‌లో రెండో ముక్క కూడా ఉంది. ఎల్ అండ్ టీ కట్టాల్సిన జేబీఎస్–ఫలక్‌నుమా లైన్ 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి ఫలక్‌నుమా దాకా మిగిలినది ఐదున్నర కిలోమీటర్లే. పాతబస్తీ. ఇరుకు రోడ్లు, దారిలో మసీదులు, ఆషుర్‌ఖానాలు, గుళ్ళు, రోడ్డు వెడల్పు చేయాలంటే పోయే దుకాణాలు. లైన్ ఎటు తిప్పాలన్న దగ్గర ఏళ్ళు గడిచాయి. 2024 మార్చి 8న మళ్ళీ శంకుస్థాపన చేశారు. గల్ఫ్‌లో పాతబస్తీ కుర్రాళ్ళు ఎంతమంది ఉన్నారో మనకి తెలుసు. వాళ్ళు దేశం వదిలి వచ్చినప్పుడు మెట్రో వస్తోంది అన్నారు. సెలవుకి వెళ్ళినప్పుడల్లా వస్తోంది అనే వింటున్నారు.

తర్వాత వచ్చినవి

దుబాయ్‌కి తిరిగి వద్దాం. ఊదా లైన్ పోయినా దుబాయ్ మెట్రో కట్టడం మానలేదు. 2013 నవంబర్‌లో ఎక్స్‌పో దుబాయ్‌కి దక్కింది. 2016లో 1,060 కోట్ల దిర్హామ్‌లకి రూట్ 2020 కాంట్రాక్టు ఇచ్చారు. పాత నఖీల్ హార్బర్ స్టేషన్ దగ్గర రెడ్ లైన్ నుంచి చీలి, 15 కిలోమీటర్లు పోయి ఎక్స్‌పో దగ్గర ఆగుతుంది. 2021లో జనానికి తెరిచారు. ఈ దారిలో దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్ పార్క్ స్టేషన్ కూడా ఉంది. డీఐపీలో ఎన్ని వేలమంది కార్మికులు ఉంటారో మనకి తెలుసు. వాళ్ళకి స్టేషన్ వచ్చింది, సంతోషం. కానీ ఆ స్టేషన్‌ని తెచ్చింది ఎక్స్‌పో. దారిలో ఉన్నాం కాబట్టి మనకీ దక్కింది.

ఆ లైన్ ఎక్స్‌పో దగ్గరే ఆగిపోయింది. పక్కనే ఉన్న అల్ మక్తూమ్ ఎయిర్‌పోర్ట్‌లోకి ఇంకా వెళ్ళలేదు. ఊదా గీత చేరాల్సిన చోటికి నేటికీ మెట్రో లేదు. 2024 ఏప్రిల్‌లో ఆ ఎయిర్‌పోర్ట్‌లో 12,800 కోట్ల దిర్హామ్‌లతో కొత్త టెర్మినల్‌కి ఆమోదం ఇచ్చారు. ఏడాదికి 26 కోట్ల మంది అంటున్నారు. అంటే రెండో కొన మళ్ళీ లేస్తోంది. ఏదో ఒక రోజు ఏదో ఒక రంగులో అక్కడికి రైలు రావచ్చు.

బ్లూ లైన్ పేరు మాత్రం బతికింది. 2024 డిసెంబర్‌లో 2,050 కోట్ల దిర్హామ్‌లకి టర్కీకి చెందిన మాపా, లిమాక్, చైనాకి చెందిన సీఆర్ఆర్‌సీ కలిసిన కూటమికి కాంట్రాక్టు ఇచ్చారు. 30 కిలోమీటర్లు, 14 స్టేషన్లు. ఒక కొమ్మ గ్రీన్ లైన్ క్రీక్ స్టేషన్ నుంచి, ఇంకో కొమ్మ రెడ్ లైన్ సెంటర్‌పాయింట్ నుంచి బయల్దేరి ఇంటర్నేషనల్ సిటీలో కలుస్తాయి. అక్కడి నుంచి సిలికాన్ ఒయాసిస్, అకడమిక్ సిటీ. తెరిచే తేదీ 2029 సెప్టెంబర్ 9 అన్నారు. మొదటి రైలుకి సరిగ్గా ఇరవై ఏళ్ళు. పాత బ్లూ లైన్‌కీ దీనికీ పేరు ఒకటే, దారి వేరు. అది హైవే పట్టుకుని ఊరిని చుట్టాలనుకున్న గీత, ఇది జనం కాపురం ఉన్న చోట్లని కలుపుతున్న లైన్. ఇంటర్నేషనల్ సిటీలో బెడ్ స్పేస్‌లో ఉండే మనవాళ్ళకి ఇది నిజంగా పనికొచ్చేది. కిలోమీటరుకి లెక్క చూస్తే 68 కోట్లు దాటుతోంది. సగానికి పైగా భూమి లోపల పోతుంది కాబట్టి ఆ మాత్రం అవుతుంది. 2008లో జనం లేని చోటికి గీత గీశారు. ఇప్పుడు జనం నిండాక గీస్తున్నారు. దుబాయ్ నేర్చుకున్నది ఇదే అనుకుంటాను.

సోనాపూర్‌కి మాత్రం ఇంకా ఏ రంగూ లేదు. గ్రీన్ లైన్ అల్ కుసైస్ అవతల ఆగిపోతుంది. అక్కడి నుంచి బస్సే.

స్టాంపు చూడండి

నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివాను. మా సార్ మొదటి నెలలో నేర్పింది గీతలు గీయడం కాదు. డ్రాయింగ్ చేతికి రాగానే కింద కుడి మూల చూడమనేవారు. అక్కడ టైటిల్ బ్లాక్ ఉంటుంది. తేదీ, రివిజన్ నంబరు, దాంతో పాటు స్టాంపు. ‘ఫర్ ఇన్ఫర్మేషన్’ అని ఉంటే తెలుసుకోవడానికి మాత్రమే. ‘ఫర్ అప్రూవల్’ అని ఉంటే ఇంకా ఎవరో ఒప్పుకోవాలి. ‘ఫర్ కన్‌స్ట్రక్షన్’ అని ఉంటేనే దాని మీద పని చేయాలి. ఇప్పటికీ సైట్లో మొదటి రెండు స్టాంపుల డ్రాయింగ్ పట్టుకుని కాంక్రీట్ పోయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఊదా లైన్ మొదటి స్టాంపు దాటలేదు. కానీ దాన్ని చూసి భూమి కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు, అప్పు చేసి విమానం ఎక్కినవాళ్ళు అందరూ మూడో స్టాంపు పడ్డట్టే నడిచారు.

ఇది నాకెందుకు గుర్తొస్తుందంటే, మన ఫోన్లకి ప్రతి వారం వచ్చే ప్లాట్ల బ్రోచర్లు చూసి. హైదరాబాద్ చుట్టూ, విశాఖ చుట్టూ, విజయవాడ చుట్టూ. ప్రతి దాంట్లో ఒక రంగు గీత ఉంటుంది, పక్కన ప్రపోజ్డ్ మెట్రో అని. 2014 విభజన చట్టంలోనే విశాఖకి, విజయవాడ–గుంటూరు–తెనాలి ప్రాంతానికి మెట్రో సాధ్యమా అని చూడాలని రాశారు. పదేళ్ళు దాటినా రెండు చోట్లా ఒక్క మెట్రో రైలు తిరగలేదు. వస్తే మంచిదే, రావాలనే నేనూ కోరుకుంటాను. కానీ ఆ గీత చూసి గజానికి ఎక్కువ కట్టేది గల్ఫ్‌లో ఓవర్‌టైమ్ చేసిన డబ్బు.

కాబట్టి బ్రోచర్ వస్తే సైట్ మనిషిలా అడగండి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఖరారైందా? టెండర్ పిలిచారా, కాంట్రాక్టు ఎవరికైనా ఇచ్చారా? డిపోకి భూమి తీసుకున్నారా? రైళ్ళు రాత్రి పడుకోవడానికి, కడగడానికి, రిపేరుకి డిపో కావాలి. అది లేకుండా మెట్రో ఉండదు. దుబాయ్ రెడ్ లైన్‌కి రషీదియాలో, జబల్ అలీలో డిపోలు ఉన్నాయి. గ్రీన్ లైన్‌కి అల్ కుసైస్‌లో ఉంది. కేబుళ్ళు, పైపులు జరిపే పని మొదలైందా? రోడ్డు మధ్యలో మట్టి పరీక్షకి బోర్ వేశారా? బోర్ వేయడం కూడా హామీ కాదు, కానీ అది కూడా లేకపోతే అది ఉత్త గీత.

ఇంట్లోవాళ్ళు ఫోన్లో, మెట్రో వస్తోందట, అడ్వాన్స్ పంపించు అంటే కోప్పడకండి. వాళ్ళకి బ్రోచర్ మాత్రమే కనబడుతోంది. ఊళ్ళో ఉన్న తమ్ముడినో, బామ్మర్దినో ఒకసారి ఆ రోడ్డు మీదికి వెళ్ళి వీడియో తీసి పంపమనండి. బారికేడ్లు, రిగ్గులు, కంపెనీ బోర్డు కనబడితే అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఖాళీ రోడ్డు కనబడితే ఆ ప్లాటుకి ఖాళీ రోడ్డు పక్కన ఉన్న ధరే కట్టండి, మెట్రో పక్కన ఉన్న ధర కట్టకండి.

వచ్చే ఎపిసోడ్‌లో రెడ్ లైన్ కట్టిన మనవాళ్ళతో మాట్లాడదామని ఉంది. కాస్టింగ్ యార్డులోనో, వయాడక్ట్ మీదో, స్టేషన్ ఫినిషింగ్‌లోనో 2006 నుంచి 2011 మధ్య పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు.